ఆమె ఉంటున్న ఇల్లు

(పద్నాలుగో భాగం)

వాసిం కాగితాన్ని అడ్డంగా చించాడు. రెండు ముక్కల్నీ కలిపి మళ్ళీ చించబోయి, ఎందుకో ఆగి, తల్లి ముందు పరిచి ఉన్న పరుపు గుడ్డ మీద పడేశాడు.

"నేను ఒప్పుకోను. నువ్వు సంతకం పెట్టడానికి వీల్లేదమ్మా," అన్నాడు.

మదార్‌బీ చేతిలో సూది ఆగింది. ఆమె కొడుకు ముఖం చూడలేదు, కోడలి ముఖమూ చూడలేదు. గుడ్డ మీద పడిన ముక్కల్నే చూసింది. పై ముక్కలో తన పేరుంది. కింది ముక్కలో పెద్దకోడలు మెహర్ పేరుంది.

హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఆడిటర్ చైతన్యకృష్ణ టీ గ్లాసు ఎత్తబోయి దించేశాడు. మెహర్ పిలిస్తే పొద్దున్నే ఒంగోలులో బయల్దేరి దర్శి వచ్చాడు. వచ్చి అరగంట కాలేదు. పరాయి ఇంటి గొడవలో ఎటు చూడాలో తెలియక గోడ మీద క్యాలెండరు చూస్తూ, "ఇంకో కాపీ ఉందండి నా దగ్గర," అన్నాడు.

"అదీ ఇటివ్వండి, చించుతాను," అన్నాడు వాసిం.

వంటింటి గడప దగ్గర నిలబడ్డ మెహర్ కదల్లేదు. "చించితే చించావు. కూర్చో వాసిం. ఆయన చెప్పేదొకసారి విను. విన్నాక కూడా వద్దంటే నేనే పంపించేస్తాను."

వాసిం కూర్చోలేదు. ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డాడు. వెళ్ళిపోనూ లేదు.

చైతన్యకృష్ణ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. వాసింతో మాట్లాడే ధైర్యం లేక మదార్‌బీతో మాట్లాడాడు.

"అమ్మా, మెహర్ గారి జీతం ఐర్లాండ్‌లో పడుతుంది. అక్కడి పన్ను కోసుకుని మిగిలింది చేతికిస్తారు. కానీ ఆవిడ కూర్చుని పని చేసింది ఇక్కడ, మీ ఇంట్లో. పోయిన ఆర్థిక సంవత్సరంలో సగం రోజుల కంటే ఎక్కువే ఇక్కడున్నారు. అందుకని మన గవర్నమెంటు ఆ జీతం మీద పన్ను మాకూ కట్టమంటుంది. ఒకటే జీతం, రెండు పన్నులు."

"ఎంతేంటి?" అన్నాడు వాసిం.

"మన వైపు ఆరు లక్షల నలభై వేలు. అక్కడ కోసుకున్నదీ దాదాపు అంతే."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. వాసిం భార్య నజ్మీన్ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తోడికోడలి వెనక నిలబడింది.

"రెండూ కట్టక్కర్లేదు," అన్నాడు చైతన్యకృష్ణ. "రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది. ఇక్కడ నివాసం ఉండి ఇక్కడ చేసిన పనికి ఇక్కడ కడితే చాలు, అక్కడిది వెనక్కి అడగొచ్చు. కాకపోతే ఆవిడ ఇల్లు ఇదేనని చూపించాలి. ఆధార్‌లో ఆవిడ అడ్రసు చీమకుర్తి పుట్టింటిది. పాస్‌పోర్టులోనూ అంతే. ఈ ఇంటి పేరుతో ఆవిడకి ఒక్క కాగితమూ లేదు. ఇల్లు మీ పేరున ఉంది కాబట్టి, నా కోడలు ఫలానా తారీఖు నుంచి నా ఇంట్లో నాతోనే ఉంటోంది అని మీరు రాసివ్వాలి. పక్కన ఇంకొకరి సాక్షి సంతకం కావాలి. అంతేనమ్మా."

"అంతేనా," అన్నాడు వాసిం. "ఉంటోంది అంటే ఈ రోజుకీ ఉంటోంది అనే కదండీ? రేపు ఇదే కాగితం పట్టుకుని, ఇది నా ఇల్లు, మా అత్త రాసిచ్చింది అంటే?"

"దీంతో ఇంటి మీద హక్కేం రాదండి."

"మీరంటారు. బ్యాంకు మేనేజరు అలా అనడు. దూది ఏకే మిషనుకి లోను అడిగితే, ఇంట్లో ఎవరెవరుంటారు, ఎవరికేం వాటా ఉంది, అన్నీ రాసిమ్మన్నాడు. ఆయనకి నేనేం రాయాలి?"

"నాకు వాటా వద్దు," అంది మెహర్. "ఎప్పుడైనా అడిగానా?"

"అడగలేదు."

"మరి?"

మదార్‌బీ సూదిని మళ్ళీ గుడ్డలో గుచ్చింది. ఆ గదిలో ఆమె ఒక్కతే ఏదో పని చేస్తోంది. ఆ పనిని వదిలితే ఏదో ఒకటి మాట్లాడాల్సి వస్తుంది.

ఆమె పెద్దకొడుకు, మెహర్ భర్త ముస్తాక్ పోయి ఎనిమిది నెలలైంది. కురిచేడు రోడ్డులో తండ్రి ఖాదర్ వలి పెట్టిన పరుపుల కొట్టుని అన్నదమ్ములిద్దరూ చూసుకునేవాళ్ళు. మెహర్‌కి ఐర్లాండ్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు, నువ్వు ముందు వెళ్ళు, కొట్టు సంగతి చూసి నేనూ వస్తాను అని ముస్తాకే సాగనంపాడు. ఏడాది తిరిగేసరికి అతని కిడ్నీలు రెండూ పాడయ్యాయి. పోయిన ఏడాది జూన్‌లో మెహర్ వచ్చేసింది. ఆరు నెలలు ఇంటినుంచే పని చేసుకోనివ్వండని ఆఫీసువాళ్ళని బతిమాలుకుని వచ్చింది. డిసెంబరు మొదటి వారానికి తిరుగు టికెట్టు కూడా కొనుక్కుంది.

నవంబరు పద్నాలుగున ముస్తాక్ పోయాడు. ఇద్దత్ మొదలైంది. నాలుగు నెలల పది రోజులు భర్త ఇంటి గడప దాటకూడదు. టికెట్టు పోయింది. ఆఫీసువాళ్ళని మళ్ళీ బతిమాలుకుని గడువు పెంచుకుంది. మెహర్ ముందుగదిలో కూర్చుని తెల్ల ఓణీ తలమీద కప్పుకుని ఆ కంపెనీ పనే చేసింది. ఆమె దుఃఖపు రోజుల్ని కూడా ఏ దేశమో లెక్కవేసుకుంటోందని అప్పుడెవరికి తెలుసు?

"నా దగ్గర ఆ డబ్బుంటే ఈ కాగితం అడిగేదాన్ని కాదు," అంటోంది మెహర్. "అంతా ఆయన వైద్యానికే అయిపోయింది. నీకు తెలియంది కాదు."

"తెలుసు. తెలిసేట్టు చేస్తూనే ఉన్నావుగా."

"నేనెప్పుడన్నాను?"

"నోటితో అనాలా?" వాసిం గొంతు పెరిగింది. "డబ్బు నువ్విచ్చావు వదినా, కాదన్లేదు. మోసిందెవరు? వారానికి మూడు రోజులు ఒంగోలు. డయాలసిస్ అయ్యాక అన్నయ్య కాళ్ళు తేలిపోతుంటే వీపు మీదేసుకుని మెట్లు దింపాను. పెళ్ళిళ్ళ రోజుల్లో పరుపులకి ఆర్డర్లొస్తే కొట్టు షట్టరేసి పంపించేశాను. అప్పుడు పోయిన బేరాలు ఈ రోజుకీ మళ్ళీ రాలేదు. దానికెవరన్నా సర్టిఫికెట్ ఇస్తారా నాకు?"

"ఇచ్చేదుంటే నేనిచ్చేదాన్ని," అంది మెహర్. వెటకారంగా అనలేదు. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. "నువ్వు లేకపోతే ఆయన ఆ అయిదు నెలలు కూడా ఉండేవారు కాదు. నేను మర్చిపోలేదు."

ఆ మాటతో ముగిసిపోయేదేమో. నజ్మీన్ భర్త చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది కూడా. కానీ చైతన్యకృష్ణ సంచిలోంచి ఇంకో ఫారం తీశాడు. అతనికి మధ్యాహ్నం బస్సుకి తిరిగి వెళ్ళాలి.

"మెహర్ గారూ, ఇంకొక్క చిక్కుంది. మీరు డబ్లిన్‌లో గది ఖాళీ చెయ్యకుండా అద్దె కట్టారు కదా. మీ ఇల్లు మా దగ్గరే ఉంది, ఇండియాకి ఊరికే వెళ్ళారు అంటారు అక్కడి పన్నువాళ్ళు."

మెహర్ అతని వైపు చూసిన చూపుకి అతను ఆగిపోయాడు. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తెలియదని అతనికి తెలియదు.

"ఏం గది?" అంది మదార్‌బీ.

పొద్దుటినుంచి ఆమె నోట వచ్చిన మొదటి మాట అదే.

"డిసెంబరు దాకా ఉంచాను అత్తమ్మా. తర్వాత వదిలేశాను."

"అద్దె కట్టావా?"

"కట్టాను."

"ఎంత?" అన్నాడు వాసిం.

మెహర్ దాచలేదు. "నెలకి అరవై వేలు."

వాసిం నవ్వాడు. ఆ నవ్వు వినలేక నజ్మీన్ తల దించుకుంది. "ఇంజెక్షన్లకి చాలక దీని గాజులు తాకట్టు పెట్టాను. పెట్టేటప్పుడు నువ్వు కూడా ఉన్నావు వదినా. ఆ నెల కూడా కట్టావా అద్దె?"

"కట్టాను."

"వెళ్ళిపోదామనే వచ్చావన్నమాట."

మంచం పక్కన కూర్చుని ముస్తాక్ కాళ్ళు ఒత్తుతూ, తగ్గిపోతుంది, ఏం కాదు అని చెప్పిన ఈ పిల్లకి ఆ రోజుల్లోనే వేరే దేశంలో తాళం వేసిన గది ఒకటి ఉంది. వాసిం అన్న మాట నిజమేనేమో అని మదార్‌బీ అనుకున్నది ఒక్క క్షణమే. ఆ క్షణంలో మెహర్ ఆమె ముఖం చూసింది.

"ఆయనే వదలొద్దన్నారు," అంది మెహర్, మదార్‌బీతోనే. "తగ్గాక ఇద్దరం వెళ్దాం, అంత చలిలో మళ్ళీ గది ఎక్కడ వెతుక్కుంటావు అన్నారు. నేను రెండుసార్లు వదిలేస్తానన్నాను అత్తమ్మా. ఫోనులో కిటికీ ఫొటో చూపించమనేవారు. కిటికీలోంచి ఏం కనిపిస్తుందో అడిగేవారు. గది వదిలేశానని చెబితే, మీరిక లేవరని చెప్పినట్టే కదా. నా వల్ల కాలేదు."

రోడ్డు మీద పత్తి విత్తనాల ప్రచారపు ఆటో మైకు అరుచుకుంటూ పోయింది. అది దూరమయ్యేదాకా అందరూ దాన్నే విన్నారు.

చైతన్యకృష్ణ గొంతు సవరించుకున్నాడు. "రెండు చోట్లా ఇల్లుందంటే, దగ్గరివాళ్ళు ఏ దేశంలో ఉన్నారని చూస్తారండి. భర్త, పిల్లలు, ఇలా. నవంబరు పద్నాలుగు వరకూ భర్త ఇక్కడే అని రాశాను. ఆ తర్వాతి రోజులకి ఎవరని..."

అతను వాక్యం పూర్తి చెయ్యలేదు. పూర్తి చేసేవాళ్ళెవరూ అక్కడ లేరు.

ఇక చెయ్యగలిగిన పని చేద్దామనుకున్నాడో ఏమో, అతను నేల మీద కూర్చుని మెహర్ తెచ్చిచ్చిన బట్టలకొట్టు కవరులోంచి ఆస్పత్రి చీటీలు తీసి తారీఖుల వారీగా పేర్చడం మొదలుపెట్టాడు. రోగి పేరు ముస్తాక్. తోడున్నవారి పేరు మెహర్. కొన్నింటి మీద వాసిం. చీటీల పక్కన కంపెనీ పంపిన కాగితాలు పెట్టాడు. ఏ రోజు ఎన్ని గంటలకి పనిలో కూర్చుందో, ఎప్పుడు ఏ మీటింగులో ఉందో, అంతా వరసగా అచ్చు వేసి ఉంది. రెండూ కలిస్తే ఆమె ఇక్కడే ఉండి పని చేసిందని తేలుతుందట.

ఆ పేర్చినవాటి మధ్యలో కొడుకు ఆఖరి అయిదు నెలలూ మదార్‌బీ కళ్ళముందు నేల మీద పరుచుకున్నాయి. ఈ చీటీ నాడు వాడు ఇడ్లీ తిన్నాడు. ఈ చీటీ నాడు రక్తం ఎక్కించారు. ఈ చీటీ నాడు, అమ్మా నువ్వు రావొద్దు, బస్సులో నీకు వాంతులవుతాయి అన్నాడు.

వాసిం వంగి కంపెనీ కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కో పేజీ తిప్పాడు. ఏం వెతుకుతున్నాడో మదార్‌బీకి ముందే అర్థమైంది. వద్దురా అనాలనుకుంది.

"నవంబరు పద్నాలుగు," చదివాడు. "మన టైములో రెండున్నర నుంచి మూడు ఇరవై దాకా మీటింగు."

మెహర్ గోడకి ఆనుకుంది.

"అన్నయ్య పోయింది మూడింటికి," అన్నాడు వాసిం. ఇప్పుడతని గొంతులో కోపం లేదు. "నేను కొట్టు దగ్గరున్నాను, రాలేకపోయాను. ఇన్నాళ్ళూ నన్ను నేనే తిట్టుకుంటున్నాను వదినా. నువ్వు పక్క గదిలోనే ఉన్నావు."

"నిద్రపోతున్నారనుకున్నాను."

"ఒకసారి లేచి చూస్తే?"

"నిద్రలోనే పోయారు. అత్తమ్మ పక్కనే ఉన్నారు. మెలకువ వస్తే పిలిచేవారు కదా." ఆమె మదార్‌బీ వైపు తిరిగింది. "చెప్పండత్తమ్మా."

గదిలో అందరూ ఆమె వైపే చూశారు. చైతన్యకృష్ణ కూడా చీటీలు పేర్చడం ఆపాడు.

"నజ్మీన్," అంది మదార్‌బీ, "ఆ బాబుకి అన్నం వడ్డించు. పొద్దుననగా బయల్దేరాడు."

చైతన్యకృష్ణ తినలేదు. రేపు మధ్యాహ్నంలోగా కాగితం పంపితేనే ఈ నెలాఖరుకి పనవుతుందని చెప్పి, చించని కాపీని మదార్‌బీ దగ్గర పెట్టి బస్టాండుకి వెళ్ళిపోయాడు. వాసిం కూడా తినకుండా కొట్టుకి వెళ్ళాడు. మెహర్ ఆస్పత్రి చీటీల్ని ఒక్కొక్కటే తిరిగి కవరులో పెట్టుకుంది. గడియారం చూసుకుంది. ఒంటిగంటన్నరకి అక్కడ పొద్దున తొమ్మిదవుతుంది. ముఖం కడుక్కుని ముందుగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మదార్‌బీ పరుపు కుట్టడానికి ప్రయత్నించింది. ఎక్కడ ఆపిందో కనిపించలేదు.

ఆ రోజు మధ్యాహ్నం ముస్తాక్ నిద్రపోవడం లేదు.

ముందు రోజే డయాలసిస్ అయింది. పొద్దుటినుంచి నీరసంగా కళ్ళు మూసుకునే ఉన్నాడు. రెండున్నర దాటాక కళ్ళు తెరిచి, మెహర్‌ని పిలువమ్మా అన్నాడు. మదార్‌బీ లేచి ముందుగది తలుపు దాకా వెళ్ళింది. లోపల కోడలు ఇంగ్లీషులో ఏదో గట్టిగా చెబుతోంది. అంతకు వారం ముందే ఆ పిల్ల చేతులు పట్టుకుని చెప్పింది: అత్తమ్మా, మొన్న మీటింగు మధ్యలో లేచొచ్చానని మా పైవాళ్ళు గట్టిగా అన్నారు, ఈ ఉద్యోగం పోతే ఆయన వైద్యం ఆగిపోతుంది, మీటింగులో ఉన్నప్పుడు మాత్రం పిలవకండి అని. మదార్‌బీ తలుపు మీద చెయ్యి వేసి, తీసేసింది. వెనక్కి వచ్చి, అయిపోతుందిరా, వస్తుంది అని చెప్పింది.

కాసేపటికి వాడు మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత అడగలేదు.

మూడు ఇరవైకి మెహర్ బయటికి వచ్చేసరికి, నిద్రలోనే పోయాడమ్మా అని మదార్‌బీ చెప్పింది. ఎందుకలా చెప్పిందో ఆ క్షణంలో ఆమెకే తెలియదు. ఒకసారి చెప్పాక దాన్ని అందరికీ చెప్పాల్సి వచ్చింది. వాసింకి, వియ్యపురాలికి, వచ్చినవాళ్ళకి, పోయినవాళ్ళకి. నిద్రలోనే పోయాడా, అదృష్టవంతుడు అన్నారు అందరూ. ఎనిమిది నెలలుగా అదే నిజమై కూర్చుంది.

మదార్‌బీ లేచి ముస్తాక్ అలమరలోంచి పెన్ను తీసుకుంది. కాగితం మీద వేలు పెట్టి చివర గీత ఎక్కడుందో చూసుకుని, ఒక్కో అక్షరం దిద్దినట్టుగా తన పేరు రాసింది. రాసి, ముందుగది తలుపు నెట్టింది.

మెహర్ చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని తెర ముందు కూర్చుని ఉంది. తెర మీద నలుగురైదుగురు తెల్లవాళ్ళ ముఖాలు. అత్తని చూసి తుళ్ళిపడి, ఏదో నొక్కి మాట ఆపేసింది.

"ఏమైంది అత్తమ్మా? ఒంట్లో బాగోలేదా?"

మదార్‌బీ కాగితం బల్ల మీద పెట్టింది. మెహర్ సంతకం చూసింది. ఆమె ముఖం ఒక్కసారిగా మెత్తబడి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్త చెయ్యి పట్టుకోబోయింది.

"ఉండు," అంది మదార్‌బీ. చెయ్యి వెనక్కి తీసుకుని మంచం పట్టీ మీద కూర్చుంది. "వాడు నిద్రలో పోలేదు."

మెహర్ హెడ్‌ఫోను తీసింది.

"నిన్ను పిలవమన్నాడు. తలుపు దాకా వచ్చాను. నువ్వు మాట్లాడుతున్నావు. పిలవొద్దన్నావు కదా అని వెళ్ళిపోయాను."

తెర మీద ముఖాలు పెదవులు కదుపుతున్నాయి. చప్పుడు లేదు.

"ఎన్నిసార్లు?" అంది మెహర్.

"రెండుసార్లు."

"రెండుసార్లూ తలుపు దాకా వచ్చారా?"

ఇక్కడ అబద్ధం చెప్పొచ్చు. వచ్చానని చెబితే ఆ పిల్ల నమ్ముతుంది. తన మీటింగునీ, తన ఉద్యోగాన్నీ తిట్టుకుంటుంది కానీ అత్తని ఏమీ అనదు. మదార్‌బీకి ఆ దారి స్పష్టంగా కనిపించింది.

"లేదు," అంది. "రెండోసారి వాడు నా చెయ్యి పట్టుకుని అడిగాడు. పెళ్ళయ్యాక వాడు నా చెయ్యి అలా పట్టుకోలేదు మెహరూ. విడిపించుకుని లేవాలనిపించలేదు. కాసేపు ఇలాగే ఉండనీ, తర్వాత పిలుద్దాంలే అనుకున్నాను. ఆ కాసేపట్లోనే అయిపోయింది."

ఏడుస్తుందనుకుంది మదార్‌బీ. తిడుతుందనుకుంది. రెండూ జరగలేదు.

"అందరి ముందూ అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"నోరు రాలేదు."

"వాసిం నన్ను అలా అంటుంటే విన్నారు."

"విన్నాను."

"సంతకం ముందు పెట్టారా? చెబుదామని ముందు అనుకున్నారా?"

మదార్‌బీకి ప్రశ్న అర్థం కాలేదు. నిజానికి ఆ రెండింట్లో ఏది ముందో ఆమె చూసుకోలేదు. ఈ సంతకం ఆ తప్పుకి ఖరీదని మెహర్ అనుకుంటోందా? కాదని ఎలా చెప్పడం? అసలు కాదని తనకైనా తెలుసా?

మెహర్ హెడ్‌ఫోను మళ్ళీ పెట్టుకుంది. ఏదో నొక్కి, మామూలు గొంతుతో, ఎక్కడా వణుకు లేకుండా, ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టింది. మదార్‌బీ కొంచెంసేపు అలాగే కూర్చుంది. తర్వాత లేచి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

అయిదున్నరకి మెహర్ బయటికి వచ్చింది. భుజానికి ల్యాప్‌టాప్ బ్యాగు ఉంది. చేతిలో బట్టల సంచి లేదు.

"చీమకుర్తి వెళ్తున్నాను. మిగతా పని అమ్మ దగ్గర చేసుకుంటానని ఆఫీసులో చెప్పాను," అంది. అత్తతోనో నజ్మీన్‌తోనో తెలియనట్టుగా అంది.

"ఇప్పుడా? అన్నం కూడా తిన్లేదు కదక్కా," అంది నజ్మీన్. "రేపొస్తావా?"

మెహర్ చెప్పులేసుకుంటోంది. ఒక చెప్పు పట్టీ సరిగ్గా పడలేదు. వంగి సర్దుకుంది.

మదార్‌బీ గడప దాకా వెళ్ళింది. వెళ్ళొద్దు అనే హక్కు తనకుందో లేదో తేల్చుకునేలోపల ఆటో మలుపు తిరిగిపోయింది.

ఆమె ముందుగదిలోకి వెళ్ళింది. మెహర్ చీరలు, డ్రస్సులు కొక్కేలకి అలాగే ఉన్నాయి. ఆస్పత్రి చీటీల కవరు లేదు. బల్ల మీద కాగితం లేదు. పంపడానికి తీసుకెళ్ళిందా? దిండు కింద చూసింది. మంచం కింద చూసింది. చింపిన ముక్కలైనా దొరుకుతాయేమోనని వెదురు బుట్టలో చెయ్యి పెట్టి చూసింది. ఏమీ లేవు.

నా కోడలు నా ఇంట్లో నాతోనే ఉంటోంది అని కింద తన పేరు రాసి ఇంకా అయిదు గంటలు కాలేదు.

పొద్దు గూకి మగ్రిబ్ అజాన్ అవుతుండగా వాసిం వచ్చాడు. జుట్టుకీ కనురెప్పలకీ దూది నూగు పట్టి ఉంది. కాళ్ళు కడుక్కోకుండానే వచ్చి తల్లి పక్కన కూలబడ్డాడు.

"పొద్దున నేనలా అని ఉండాల్సింది కాదమ్మా," అన్నాడు. "అన్నయ్య ఉంటే నన్ను కొట్టేవాడు. నిద్రలో పోయినవాడి కోసం వదిన మాత్రం ఏం చేస్తుంది?"

మదార్‌బీ అతని జుట్టుకి అంటిన దూది తీసింది.

"ఆ రెండో కాగితం ఇటు తే. సాక్షి సంతకం నేనే పెడతాను. వదినని పిలువు, తన ముందే పెడతాను."

అతను జేబులోంచి పెన్ను తీసి, క్యాపు తిప్పి, తల్లి చేతుల వైపు చూస్తూ కూర్చున్నాడు.